పసరు మందుకు సర్టిఫికెట్ ఉండదు

2018 సెప్టెంబరు 27, గురువారం. ఉదయం ఆరుకి పది నిమిషాలుందనగా జీడిమెట్లలో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర మెషిన్ మీద వేలు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎరుపే. "చెయ్యి తుడుచుకుని పెట్టు నాయనా" అన్నాడు సెక్యూరిటీ తాత. ప్యాంటుకి తుడుచుకుని పెట్టాను. యాభై రెండు రోజుల తర్వాత వచ్చాను కదా, వేలిముద్ర అరిగిపోయిందేమో అనుకున్నాను. తాత ఎవరికో ఫోన్ చేసి, నా వైపు చూడకుండా, "తొమ్మిదింటికి హెచ్‌ఆర్ సార్లు వస్తారు, అప్పటిదాకా బయటే కూసోమన్నరు" అన్నాడు.

గేటు పక్క వేపచెట్టు కింద కూర్చున్నాను. జేబులో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, డబ్బాలో మజ్జిగన్నం. ఏ-షిఫ్ట్ వాళ్ళంతా నన్ను చూస్తూ లోపలికి వెళ్ళారు. ఇద్దరు ముగ్గురు పలకరించారు. మిగతావాళ్ళకి అప్పటికే ఏదో తెలిసినట్టుంది, తల దించుకుని పోయారు.

తొమ్మిదిన్నరకి పిలిచి చేతిలో కవరు పెట్టారు. ఇంగ్లీషులో మూడు పేజీలు. నాకు అర్థమైన మాటలు రెండే: ఛార్జిషీట్, సస్పెన్షన్.

మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లె. ఇంటర్ తప్పి 2009లో హైదరాబాదొచ్చాను. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల్లో ఏ షిఫ్ట్‌లో చూసినా మా వైపు వాళ్ళు కనిపిస్తారు. నేను రియాక్టర్ ఆపరేటర్ని. సాల్వెంట్ ఎక్కించడం, వేడి ఎంతుందో గంటగంటకీ రాయడం, సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి ముద్ద తీసి డ్రయ్యర్‌కి పంపడం. అప్పటికి జీతం 16,800. అందులో ఈఎస్ఐకి 1.75 శాతం కోత, అంటే నెలకి 294 రూపాయలు. (తర్వాతి ఏడు, 2019 జులై నుంచి, అది 0.75 శాతానికి తగ్గింది.) ఆ 294 చూసినప్పుడల్లా దండగ ఖర్చనుకునేవాణ్ణి. నాకు రోగాలేం వస్తాయిలే అని ధీమా.

ఇంకో లెక్క కూడా ఉండేది మా దగ్గర. నెలలో ఒక్క నాగా లేకుండా వస్తే 1,200 రూపాయలు హాజరు బోనస్. ఒక్కరోజు మానినా మొత్తం పోతుంది, డాక్టరు కాగితం తెచ్చినా అంతే. అందుకే జ్వరమొస్తే మాత్ర మింగి డ్యూటీకి రావడం మాకు అలవాటు. ఆగస్టు 2న నాకు జ్వరమొచ్చినప్పుడు అదే చేశాను. నెల మొదట్లోనే బోనస్ పోగొట్టుకోవడమేమిటని నాలుగు రోజులు మాత్రలతో లాగాను. అన్నం చూస్తే వాంతి. మెట్లెక్కితే ఆయాసం. ఐదో తారీఖు ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే మా రూమ్మేటు, "నీ కళ్ళు చూసుకున్నావా?" అన్నాడు. అద్దంలో చూసుకుంటే పసుపు కలిపినట్టున్నాయి.

ఇక్కడ నేను చేసింది తప్పే. వాడు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్దామన్నాడు. నేను అమ్మకి ఫోన్ చేశాను. "ఇంగిలీసు మందులు కామెర్లకి పని చెయ్యవురా, బండెక్కి వచ్చీ" అంది అమ్మ. మా నాన్నకి ఒకప్పుడు కామెర్లయితే పక్కూరి పసరు మందుతోనే తగ్గింది. మా వైపు కామెర్లంటే ఇంకో దారి ఉంటుందని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

సోమవారం పొద్దున, ఆగస్టు 6న, 5:12కి మా షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి వాట్సాప్ పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: సార్, నాకు పచ్చకామెర్లు వచ్చాయి, ఊరెళ్తున్నాను, పది రోజులు సెలవు కావాలి. కళ్ళు కనిపించేలా ఒక ఫోటో కూడా. ఇరవై నిమిషాలకి నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మా దగ్గర జవాబు రాకపోతే సరేనన్నట్టే. ఆ సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ఊళ్ళో మూడు ఉదయాలు పరగడుపున పసరు తాగించారు. నేల ఉసిరి ఒకటి తెలుసు, మిగతావి చెప్పరు, చెబితే మందు పనిచెయ్యదట. మణికట్టు మీద చిన్న వాత పెట్టారు, ఆ మచ్చ ఇంకా ఉంది. ఉప్పు, నూనె, పోపు మానేసి మజ్జిగన్నం పత్యం. కామెర్లలో చాలావరకు వాటంతటవే తగ్గుతాయని, ఆ పేరు పసరుకి పోతుందని తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. నాకు మాత్రం తగ్గలేదు. పది రోజులు గడిచేసరికి ఒళ్ళంతా దురద, మాట్లాడే ఓపిక లేదు. 17న మా బావ బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాడు. బిలిరుబిన్ 11.4. ల్యాబ్ కుర్రాడు కాగితం ఇస్తూ, "ఎక్కడైనా జాయినయిపోండి" అన్నాడు. ప్రైవేటులో అంటే ఎంతవుతుందో తెలీదు. హైదరాబాద్‌లో నాకు ఈఎస్ఐ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పద్దెనిమిది రాత్రి బండెక్కి, పంతొమ్మిది ఆదివారం దిగి, ఇరవై సోమవారం డిస్పెన్సరీలో ఉన్నాను.

అక్కడి డాక్టరు నా కళ్ళు చూసి ఇంకేమీ అడగలేదు. ఆ రోజు నుంచి ఫస్ట్ సర్టిఫికెట్ రాసి, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి పంపించాడు. "సార్, ఆరో తారీఖు నుంచి రాయండి, అప్పట్నుంచే పడుకున్నాను" అన్నాను. "నేను చూడని రోజులకి నేనెలా రాస్తానయ్యా?" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన మాట న్యాయమే.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తర్వాత రూములో విశ్రాంతి. వారం వారం డిస్పెన్సరీకి వెళ్ళి సర్టిఫికెట్ పొడిగించుకోవడం, ఒక కాపీ రూమ్మేటు చేత ఫ్యాక్టరీకి పంపడం. చివరికి సెప్టెంబరు 26 దాకా సెలవు, 27 నుంచి పనికి ఫిట్ అని రాశారు. మొత్తం 38 రోజులు. నేను దండగనుకున్న 294 రూపాయల సంగతి అప్పుడు తెలిసింది. జబ్బు రోజులకి సగటు రోజు కూలీలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. మొదటి రెండు రోజులకి ఇవ్వదు. ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తుంది. నాకు రోజుకి 392 చొప్పున 36 రోజులకి 14,112 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. ఆ డబ్బు రాకముందు ఈఎస్ఐ వాళ్ళు ఒక కాగితం ఫ్యాక్టరీకి పంపుతారు. ఈ మనిషి ఈ తారీఖుల్లో నిజంగా పనికి రాలేదా, ఆ రోజులకి మీరు జీతం ఇచ్చారా అని అందులో అడుగుతారు. ఫ్యాక్టరీ నింపి, సంతకం, స్టాంపు వేసి పంపాలి. మా హెచ్‌ఆర్ వాళ్ళు వేసి పంపారు. ఆ కాగితం సంగతి ముందుకి వస్తుంది.

ఇప్పుడు ఛార్జిషీటు. రూమ్మేటు చదివి చెప్పాడు. ఒకటి: ఆగస్టు 6 నుంచి సెప్టెంబరు 26 దాకా 52 రోజులు అనుమతి లేకుండా గైర్హాజరు. స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీ ఉద్యోగ నిబంధనల) ప్రకారం పది రోజులు దాటితే దుష్ప్రవర్తన. రెండు: అంతకుముందు ఏడాది కూడా 9 రోజులు జబ్బు పేరుతో రాలేదు కాబట్టి ఇది అలవాటుగా చేస్తున్న గైర్హాజరు. (ఆ తొమ్మిది రోజులు చికున్‌గున్యా. ఈఎస్ఐ కాగితం వాళ్ళ ఫైల్లోనే ఉంది.) మూడు: ఆగస్టు 16న రిజిస్టర్డ్ పోస్టులో పంపిన మెమో 'డోర్ లాక్' అని తిరిగొచ్చింది కాబట్టి కావాలనే తీసుకోలేదు. పదహారున నేను ఊళ్ళో పత్యంలో ఉన్నాను, రూమ్మేటు డ్యూటీలో ఉన్నాడు. తాళం ఉండక ఏముంటుంది?

మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. విచారణ పూర్తయ్యేదాకా సస్పెన్షన్, సగం జీతం జీవనభృతి.

కవరు ఇచ్చిన హెచ్‌ఆర్ కుర్రాడు చెడ్డవాడేం కాదు. నాకంటే చిన్నవాడే. బయటిదాకా వచ్చి మెల్లగా, "చూడు బ్రదర్, దీన్ని పెద్దది చేసుకోకు. తప్పయింది, మళ్ళీ చెయ్యను, క్షమించండి అని ఒక లెటర్ రాసివ్వు. నేను పైన మాట్లాడతాను. వారంలో డ్యూటీ ఎక్కుతావు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రే కూర్చుని రాశాను. రెండు పేజీలు, ఎన్ని దండాలో. ముసలి తల్లి, పెళ్ళికున్న చెల్లి, అన్నీ పెట్టాను.

ఇవ్వబోయే ముందు బాయిలర్ సెక్షన్‌లో పనిచేసే ఒక పెద్దాయనకి చూపించమని రూమ్మేటు పట్టుబట్టాడు. మేమంతా పెద్దన్న అంటాం. ఒకప్పుడు మా దగ్గర యూనియన్ ఉన్న రోజుల్లో అందులో తిరిగిన మనిషి. షాపూర్‌నగర్‌లో చాయ్ బండి దగ్గర నిలబడి నా కాగితం చదివాడు. మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"తమ్మీ, తప్పయిందని నీ చేత్తోని రాసిస్తే ఇగ ఎంక్వైరీ ఎందుకు? ఛార్జి ఒప్పుకున్నడు అని ఒక్క లైన్ రాసి నిన్ను తీసేస్తరు. ఆ పిలగాడు మంచోడే గావచ్చు. కానీ నిన్ను తీసే సంతకం ఆయన చెయ్యడు గద?"

"మరి ఏం రాయాలన్నా?"

"ఏమైందో గది రాయి. ఏడ్వకు. తారీకులు రాయి."

ఆ రాత్రి మూడింటిదాకా తారీఖులు రాశాం. ఆగస్టు 2 జ్వరం, నాలుగు రోజులు డ్యూటీ. 6న మెసేజ్, ఫోటో. 17న శ్రీకాకుళం ల్యాబ్ రిపోర్టు. 20 నుంచి సర్టిఫికెట్లు, ఏ కాపీ ఏ రోజు ఎవరి చేతికిచ్చామో. చివర్లో మూడు అడిగాం: ఆరోపణలు నిజం కావు కాబట్టి విచారణ జరపండి, తెలుగులో జరపండి, సాయంగా తోటి కార్మికుణ్ణి అనుమతించండి. ఇచ్చినట్టు డూప్లికేట్ మీద స్టాంపు వేయించుకున్నాం. స్టాంపు వెయ్యడానికి ఇన్‌వర్డ్ అమ్మాయి అరగంట తిప్పింది. వేసేదాకా పెద్దన్న కదల్లేదు.

పెద్దన్న చెప్పాకే ఛార్జిషీటు తారీఖు ఎందుకు సరిగ్గా సెప్టెంబరు 27 అయిందో తెలిసింది. ఈఎస్ఐ చట్టంలో 73వ సెక్షన్ ఉంది. ఉద్యోగి సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో యజమాని అతన్ని తీసెయ్యకూడదు, స్థాయి తగ్గించకూడదు, వేరే ఏ రకంగానూ శిక్షించకూడదు. కొన్ని మినహాయింపులతో, జబ్బుకి వైద్యం నడుస్తున్న కాలానికీ అదే వర్తిస్తుంది. 26 దాకా నేను ఆ గొడుగు కింద ఉన్నాను. 27 పొద్దున ఫిట్ కాగితం పట్టుకొస్తే గొడుగు ముడిచినట్టే. బాగయ్యానని డాక్టరిచ్చిన కాగితమే వాళ్ళకి ముహూర్తమైంది. (నేను చెప్పే సెక్షన్లన్నీ పాత చట్టాలవి. 2025 నవంబరు 21 నుంచి వాటి స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, నంబర్లు మారాయి.)

చింతల్‌లో పెద్దన్నకి తెలిసిన ఒక లాయర్ దగ్గరికి కూడా వెళ్ళాం. ఫీజు తీసుకోలేదు గానీ భయపెట్టి పంపాడు. 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి చెప్పాడు. మద్రాసు బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుడొకాయన 1957 సంక్రాంతికి సెలవు పెట్టి ఊరెళ్ళి జబ్బుపడ్డాడు. మార్చిలో కనిగిరి సివిల్ అసిస్టెంట్ సర్జన్ ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని మిల్లుకొచ్చాడు. ఎనిమిది రోజులు దాటితే ఉద్యోగం పోయినట్టేనని మిల్లు రూలు. ఈఎస్ఐ ఆ సర్టిఫికెట్‌ని ఒప్పుకుంది. అయినా సుప్రీంకోర్టు మిల్లు పక్షానే తీర్పిచ్చింది, 73వ సెక్షన్ ఆయన్ని కాపాడలేదు. ఆ కథ వింటుంటే నా ఒళ్ళు చల్లబడింది. కనిగిరి తీసి ఆమదాలవలస పెడితే నేనే. కాకపోతే ఆయన దగ్గర సర్కారీ డాక్టరు కాగితమైనా ఉంది. నా పద్నాలుగు రోజులకి సాక్ష్యం మణికట్టు మీద వాత.

"అంతేనా సార్?" అన్నాడు పెద్దన్న. అప్పుడు లాయర్ మిగతాది చెప్పాడు. 1993లో ఇంకో తీర్పు వచ్చింది. ఎనిమిది రోజులు రాలేదని విచారణ లేకుండా పేరు కొట్టేస్తే చెల్లదంది. 2012లో మరొకటి. సెలవు లేకుండా రాకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు, కావాలని అని రుజువైతేనే అది దుష్ప్రవర్తన అని. అది ఒక ప్రభుత్వోద్యోగి కేసు, అయినా వాడుకోవచ్చన్నాడు. నేను నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో 'కావాలని' అని రాసుకున్నాను.

నవంబరు దాకా విచారణ మొదలవలేదు. సగం జీతం 8,400. అందులో రూము అద్దె, ఊరికి పంపడం. ఆ డబ్బయినా ఏ నెలకానెల అడిగితేనే వచ్చేది. పగలంతా రూములో ఒక్కణ్ణే. షిఫ్టులు చేసే మనిషికి పగలు ఖాళీగా ఉండటం జబ్బులాగే ఉంటుంది. దసరాకి ఊరెళ్ళలేదు, ఏం చెప్పాలో తెలీక. అమ్మకి సెలవు పొడిగించారని చెప్పాను.

విచారణాధికారి బయటి లాయర్. ఫ్యాక్టరీ పెట్టుకున్న మనిషే, ఫీజు ఫ్యాక్టరీదే. అయినా మర్యాదగానే ఉన్నాడు. మొదటి రోజు ప్రొసీడింగ్స్ ఇంగ్లీషులో టైప్ చేయించి సంతకం పెట్టమన్నాడు. పెద్దన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తెలుగులో చదివి వినిపించి, వినిపించినట్టు కిందే రాస్తేనే సంతకం అన్నాం. గంట గడిచింది. చివరికి ఒప్పుకున్నారు. ఆ రోజు జరిగిందంతా అదే.

రెండో రోజు షిఫ్ట్ ఇన్‌చార్జ్ సాక్ష్యం. నాతో ఆరేళ్ళు పనిచేసినవాడు, నా చేత్తో వండిన చేపల పులుసు తిన్నవాడు. నన్ను చూడకుండా కూర్చున్నాడు. ఆరో తారీఖు నుంచి నేను ఏ సమాచారమూ లేకుండా రాలేదని చెప్పాడు. ఆ తర్వాత పెద్దన్న ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"సార్, ఆగస్టు ఆరు పొద్దుగాల మీకేమన్న మెసేజ్ వచ్చిందా?"

"గుర్తులేదు."

పెద్దన్న నా ఫోన్ ఇచ్చాడు. ఆయన చాలాసేపు చూశాడు. ఫోటో పెద్దది చేసి చూశాడు. పచ్చటి కళ్ళు.

"ఈ టిక్కులు ఏ రంగున్నయి సార్?"

విచారణాధికారికే నవ్వొచ్చింది. "నీలం" అన్నాడు ఇన్‌చార్జ్.

"నీలం అంటే?"

"చూసినట్టు. కానీ సెలవిచ్చే అధికారం నాకు లేదు. హెచ్‌ఆర్‌కి అప్లై చెయ్యాలి."

"మరి హెచ్‌ఆర్‌కి చెప్పమని జవాబిచ్చిండ్రా?"

"లేదు."

నాకు జాలేసింది ఆయన మీద. ఆయనా జీతగాడే. ఆ మెసేజ్ నిజమేనంటే ఆయన ఎందుకు పైకి చెప్పలేదన్న ప్రశ్న ఆయనకే తగులుతుంది.

తర్వాత పెద్దన్న ఒక ట్రైనింగ్ రిజిస్టరు తెప్పించమన్నాడు. మందుల ఫ్యాక్టరీలకి షెడ్యూల్ ఎం అని నిబంధనలుంటాయి. జబ్బు లక్షణాలున్న మనిషిని సరుకు ముట్టుకోనివ్వకూడదు, మనిషి తన జబ్బు పైవాళ్ళకి చెప్పాలి. ఏటా మాకు ఆ పాఠం చెప్పి సంతకాలు తీసుకుంటారు. రిజిస్టరులో నా సంతకం ఉంది, పాఠం చెప్పినవాడిగా ఇన్‌చార్జ్ సంతకమూ ఉంది. "కామెర్లతోని ఈయన ఆరో తారీకు డ్యూటీకి వస్తే మీరు రియాక్టర్ కాడికి పోనిస్తుంటిరా?" అనడిగాడు. "పోనివ్వం" అన్నాడు ఇన్‌చార్జ్. "అంటే ఇంటికి పంపుతుంటిరి?" "అవును." ఆ 'అవును' కాగితం మీద పడిందో లేదో పెద్దన్న రెండుసార్లు చూసుకున్నాడు. మర్నాడు నా దగ్గర ఒప్పుకున్నాడు, ఆ ప్రశ్న తనకి ముందురోజు రాత్రి బాయిలర్ దగ్గర తట్టిందని.

మూడో వాయిదాలో ఈఎస్ఐ కాగితం. హెచ్‌ఆర్ తరఫు మనిషి 52 రోజులూ అనధికార గైర్హాజరేనని వాదిస్తున్నాడు. ఈఎస్ఐకి మీరు సంతకం చేసి పంపిన కాగితం కాపీ ఫైల్లో ఉందా అని అడిగాం. మొదట లేదన్నారు. బ్రాంచి ఆఫీసు నుంచి తెప్పించుకుంటామన్నాం. అప్పుడు దొరికింది. ఆగస్టు 20 నుంచి సెప్టెంబరు 26 దాకా జబ్బు వల్ల రాలేదు, జీతం ఇవ్వలేదు అని ఉంది, కింద ఆయన సంతకమే. ఆ సంతకం మీదేనా అనడిగితే నాదే అన్నాడు. 38 రోజులు అక్కడితో పోయాయి.

మిగిలినవి పద్నాలుగు. వాటికి నా దగ్గర మెసేజ్, ల్యాబ్ రిపోర్టు తప్ప ఏమీ లేవు. నన్ను అడిగారు: డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు? ఆ గదిలో నేను బాగా మాట్లాడలేకపోయింది అప్పుడే. మా అమ్మ చెప్పిందని అన్నాను. పసరు అన్నాను. టైపిస్టుకి ఆ మాట ఇంగ్లీషులో ఏం రాయాలో తెలీలేదు. 'మూలికల మందు' అని సర్దుకున్నారు. వాత మచ్చ చూపించబోతే విచారణాధికారి వద్దులే అన్నాడు. ఊళ్ళో ఉన్నా అక్కడి ప్రభుత్వ డాక్టరు దగ్గర కాగితం తీసుకుని ఈఎస్ఐకి పంపితే దాన్ని ప్రత్యామ్నాయ సాక్ష్యంగా చూసే వీలుందని అప్పటికి నాకు తెలిసింది. మా పల్లె నుంచి పీహెచ్‌సీ నాలుగు కిలోమీటర్లు. బావ బండి వాకిట్లోనే ఉంది.

డిసెంబరు 7న అసెంబ్లీ ఎన్నికలని ఒక వాయిదా పోయింది. 20 తర్వాత విచారణ నివేదిక వచ్చింది. 38 రోజుల ఆరోపణ రుజువు కాలేదు. అలవాటు అన్నది రుజువు కాలేదు. మెమో తప్పించుకోవడం రుజువు కాలేదు. 14 రోజులు రుజువైంది. దాని వెనకే రెండో నోటీసు: నిన్ను ఎందుకు డిస్మిస్ చెయ్యకూడదో చెప్పు.

ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య భవన్‌లో కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి అధికారి కాగితాలన్నీ చూసి, "ఇంకా తీసెయ్యలేదు కదా, తీసేస్తే రా" అన్నాడు. పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒంటరి కార్మికుడు తనంతట తాను వివాదం వేయగలిగేది ఉద్యోగం పోయాకే. సస్పెన్షన్‌కీ నోటీసుకీ యూనియన్ కావాలి. మాకు యూనియన్ లేదు. అయినా ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో తెలీదు, రెండు నిమిషాలే.

జవాబులో లాయర్ చెప్పిన 2012 తీర్పు రాశాం, 'కావాలని' అన్న మాట కింద గీత గీశాం. తొమ్మిదేళ్ళలో ఒక్క మెమో లేదని రాశాం. 90 రోజులు దాటాయి కాబట్టి డిసెంబరు 26 నుంచి జీవనభృతి 75 శాతం ఇవ్వాలని కూడా రాశాం. పెద్దన్నకి అన్నిటికంటే ఆ చివరి వాక్యమే ఇష్టం.

సంక్రాంతి వెళ్ళాక పిలిచారు. ఒక ఇంక్రిమెంట్ కోత, కడసారి హెచ్చరిక, 14 రోజులు జీతం లేని సెలవు, సస్పెన్షన్ కాలానికి ఇచ్చిన భృతే ఇచ్చినట్టు. ఒప్పుకుని సంతకం పెడితే డ్యూటీ. పెద్దన్న పెట్టొద్దన్నాడు. ఇంక్రిమెంట్ మీద పోరాడొచ్చు, హెచ్చరిక ఫైల్లో ఉంటే మళ్ళీ ఎప్పుడైనా వాడతారన్నాడు. ఆయన చెప్పింది నిజమే. కానీ నాకు 116 రోజులైంది. నేను పెట్టేశాను. ఆయన ఏమీ అనలేదు, చాయ్ తాగించి వెళ్ళిపోయాడు. ఆ సంతకం సంగతి ఇప్పటికీ మేమిద్దరం మాట్లాడుకోం.

2019 జనవరి 21, సోమవారం, వేలు పెడితే ఆకుపచ్చ లైటు వెలిగింది. సెక్యూరిటీ తాత, "జూసినవా, అప్పుడు చెయ్యి తుడుచుకొమ్మంటిని" అన్నాడు.

నా తర్వాత షిఫ్టులో ఎవరూ ఊరెళ్ళి పసరు తాగలేదు. కానీ నేను అనుకున్నట్టు అందరూ ఈఎస్ఐకి వెళ్ళడం కూడా మొదలుపెట్టలేదు. జ్వరాలతోనే వస్తున్నారు. ఆ వానాకాలం సీ-షిఫ్ట్‌లో ఒక కుర్రాడు మాస్కు కింద పళ్ళు టకటక కొట్టుకుంటూ సెంట్రిఫ్యూజ్ తోడుతుంటే నేనే బలవంతంగా డిస్పెన్సరీకి తీసుకెళ్ళాను. వాడికి రెండు రోజులు రాశారు. "ఆ రెండు రోజులకి ఈఎస్ఐ డబ్బులు రావు, ఇక్కడ బోనసూ పాయె, ఏం లాభం అన్నా?" అన్నాడు దారి పొడుగునా. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే లెక్క వాడిదే సరైంది.

ఇప్పుడు నాకు తలనొప్పి వచ్చినా ముందు డిస్పెన్సరీ, తర్వాత అమ్మకి ఫోను. సెలవు కావాలంటే హెచ్‌ఆర్‌కి మెయిల్, దాని ప్రింటు మీద స్టాంపు. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి వాట్సాప్ మాత్రం ఇంకా పెడుతూనే ఉన్నాను. ఆయన చూస్తాడో లేదో తెలీదు. విచారణ అయిన వారానికే ఆయన తన ఫోన్లో నీలం టిక్కులు పడకుండా ఆపేసుకున్నాడు.